కార్టూను ఫ్రేములలో దాగిన లోతు



ఫోటో తీయు విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. అంతకు ఒక సంవత్సరము ముందే, అనగా 1838లో, లండను నగరమున చార్లెస్ వీట్‌స్టన్ అను శాస్త్రజ్ఞుడు రాయల్ సొసైటీ వారికి ఒక వ్యాసమును సమర్పించి, చదునైన రెండు బొమ్మలను, వాటి నడుమ స్వల్పమైన భేదముంచి, ఒకదానిని ఎడమ కంటికిని మరియొకదానిని కుడి కంటికిని వేరువేరుగ చూపినచో, మనస్సు ఆ రెంటిని కలుపుకొని లోతుగల ఒకే వస్తువుగ గ్రహించునని నిరూపించెను. అందులకై ఆయన రెండు అద్దములతో నిర్మించిన పరికరమునకే స్టీరియోస్కోపు అని పేరు. దానిలో ఆయన పెట్టి చూపినవి ఫోటోలు కావు. అప్పటికి అట్టివి దొరకుట లేదు. ఘనము, శంకువు మొదలైన ఆకృతులను కేవలము గీతలతో గీసిన బొమ్మలవి.

ఈ సంగతిని మొదటనే చెప్పుటకు కారణము కలదు. స్టీరియోస్కోపు అనగానే అది ఫోటోగ్రఫీకి అనుబంధమనియు, ఖరీదైన కెమెరాలు లేనివారికి అందనిదనియు చాలమంది తలంతురు. చరిత్రను బట్టి చూడగా అది గీతకారుల విద్యగ జన్మించి, పిమ్మట ఫోటోగ్రాఫర్ల చేతికి పోయినది. కావున పిల్లలు టెలివిజనులో చూచెడి కార్టూను నుండి రెండు ఫ్రేములను గ్రహించి, ఇంట దొరకెడి అట్ట, కత్తెర, మైదా జిగురులతో లోతుగల బొమ్మను కూర్చుకొనువారు, వీట్‌స్టన్ చేసిన తొలి ప్రయోగమునకు మిక్కిలి సన్నిహితమైన పనిని చేయుచున్నారని నా అభిప్రాయము. బేతంచెర్లలో మా వీధి పిల్లలతో కూర్చుండి ఈ పనిని చేయుచు వచ్చినవాడను గనుక, అందలి మెలకువలను మీకు విన్నవింపగోరుచున్నాను.

పెద్దవారిలో రెండు కనుపాపల నడిమి ఎడము సుమారు 63 మిల్లీమీటర్లు. ఈ కొలది ఎడమే సర్వమునకు మూలము. బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగ చాపి, దూరమున నున్న ఎర్రమల కొండపైకి గురిపెట్టి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరచి మార్చి మార్చి చూచినచో, కొండ కదలకుండగనే వ్రేలు అటునిటు గంతులు వేయును. దగ్గరి వస్తువునకు గంతు పెద్దది, దూరపు వస్తువునకు చిన్నది. మనస్సు ఈ గంతుల పరిమాణమును క్షణక్షణమును కొలిచి, ఏది సమీపమో ఏది దూరమో నిర్ణయించుచుండును; అది అట్లు కొలుచుచున్న సంగతి మాత్రము మనకు తెలియరాదు.

ఇంతటి పనికి ఒకేసారి రెండు కన్నులు చూడవలెనను నియమము లేదు. ఒక కన్నును, కొంత ప్రయాణమును ఉన్నను దృశ్యములు రెండును సమకూడును. గుంతకల్లు నుండి నంద్యాలకు పోవు రైలు బేతంచెర్ల పరిసరములలో సాగునప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి, పట్టాల వెంబడి నున్న స్తంభములు వెనుకకు పరుగెత్తుచు, వాటికి ఆవలనున్న నాపరాతి పాలిష్ ఫ్యాక్టరీల కప్పులు మెల్లగ జరుగుచు, అన్నిటికిని ఆవలనున్న కొండలు రైలుతో కూడ వచ్చుచున్నట్లు తోచును. ఒక క్షణమున కనబడిన దృశ్యమును, రైలు కొంచెము ముందుకు సాగిన పిమ్మట కనబడిన దృశ్యమును ఫోటోలుగ తీసి, చెరియొక కంటికి ఒకటి చొప్పున చూపినచో, ఆ ప్రదేశమంతయు లోతుతో లేచి నిలుచును. కార్టూనులో కెమెరా ప్రక్కకు కదలెడి దృశ్యములలో జరుగునది సరిగ ఇదియే.

అయితే కార్టూనులోని కొండ కొండ కాదు, చెట్టు చెట్టు కాదు, అన్నియు రంగులే కదా, వాటి మధ్య దూరమెక్కడిదని మీకు సందేహము కలుగవచ్చును. సమాధానము కార్టూను నిర్మాణములోనే యున్నది. 1914లో అమెరికా దేశమున ఎర్ల్ హర్డ్ అను చిత్రకారుడు, కదలెడి పాత్రను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుపై గీసి, కదలని నేపథ్యమును వేరుగ గీసి, ఒకదానిపై నొకటి పరచి ఫోటో తీయు పద్ధతికి పేటెంటు కోరుచు దరఖాస్తు చేసెను. నాటి నుండియు కార్టూను పొరల విద్యయైనది. మా గనులలో నాపరాయి ఒక పొరపై నొక పొరగ పరచుకొని యుండి, గడ్డపార మొనను సందున దూర్చగనే బండలు బండలుగ విడివడునట్లు, కార్టూను ఫ్రేమును పైకి ఏకముగ కనిపించుచునే లోపల పొరలు పొరలుగ విడదీయదగి యుండును. ముందు పొరలో ఒక పొద, దాని వెనుక పాత్ర, ఆ వెనుక ఇండ్లు, అన్నిటికిని వెనుక ఆకాశము. కెమెరా ప్రక్కకు సాగుచున్నట్లు చూపవలసినప్పుడు చిత్రకారుడు ముందు పొరను వేగముగను, వెనుక పొరను మెల్లగను జరుపును. వాల్ట్ డిస్నీ సంస్థవారు 1937లో ‘ది ఓల్డ్ మిల్’ అను లఘుచిత్రమునకై ఈ పొరలను గాజు పలకలపై గీసి, వాటిని నిజముగనే ఒకదానికొకటి ఎడముగ నిలిపి, పైనుండి కెమెరాతో చిత్రించిరి. మన హైదరాబాదులో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మించగా 2008లో పోగో ఛానెలున ప్రవేశించి, నేడు మా వీధులలోని పిల్లలందరికిని చిరపరిచితుడైన ఛోటా భీమ్ కంప్యూటరుపై గీయబడినవాడే యైనను, పొరల పద్ధతి మాత్రము అదియే. గీసినవారు స్టీరియోస్కోపును తలంపక పోయినను, లోతు ఆ ఫ్రేములలో చేరియే యున్నది. దానిని వెలికి తీయుట మన వంతు.

ఇక ఫ్రేములను ఎన్నుకొను విధము. నేర్పంతయు ఇందులోనే ఇమిడి యున్నది గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడచును. కార్టూనువారు సాధారణముగ ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేముల కాలము నిలుపుదురు గనుక సెకనుకు 12 బొమ్మలతో పని జరిగిపోవును. దృశ్యమును ఫోనులోగాని కంప్యూటరులోగాని ఆపి ఒక ఫ్రేమును స్క్రీన్‌షాటుగ తీసికొని, కొన్ని ఫ్రేములు గడచిన పిమ్మట మరియొకటి తీసికొనవలెను. వాటి నడుమ ఎన్ని ఫ్రేములు వదలవలెననునది దృశ్యపు వేగమును బట్టి యుండును. మొదటి ఫ్రేముకును రెండవదానికిని నడుమ, ముందు పొరకును వెనుక పొరకును కలిగిన జరుగుబాటులలోని భేదము బొమ్మ వెడల్పులో ముప్పదవ వంతును మించకుండుట మేలు. మించినచో కన్నులు రెంటిని కలుపుకొనజాలక అలసిపోవును. మరీ తక్కువైనచో లోతు తెలియరాదు.

పాత్ర విషయమున మరియొక చిక్కు కలదు. నడచుచున్న పాత్రకు ఒక ఫ్రేములో కుడి కాలు ముందుండి, వేరొక ఫ్రేములో ఎడమ కాలు ముందున్నచో, రెండు కన్నులును రెండు విరుద్ధమైన సాక్ష్యములు చెప్పును. మనస్సు ఒకసారి దీనిని, ఒకసారి దానిని నమ్ముచు, ఆ చోట బొమ్మ నిలుకడ లేక మినుకుమినుకుమనును. దీనికి పరిష్కారమును కార్టూనువారి పనితీరే మనకు చూపుచున్నది. వారు శ్రమ తగ్గించుకొనుటకై నడకకు కొన్ని బొమ్మలు మాత్రము గీసి, వాటినే మరల మరల వరుసగ త్రిప్పుదురు. ఒక వరుస పూర్తియైనంతనే పాత్ర సరిగ మొదటి భంగిమకే తిరిగి వచ్చును. నేపథ్యము మెల్లగ జరుగు దృశ్యమైనచో ఒకే భంగిమ గల ఈ రెండు ఫ్రేములను నిస్సంకోచముగ గ్రహింపవచ్చును. అంతకంటె సులభమైనది, పాత్ర ఏదియో చూచుచు నిశ్చలముగ నిలిచి యుండగా కెమెరా మాత్రము ప్రక్కకు సాగెడి దృశ్యము. కథలో ఊరిని తొలిసారి పరిచయము చేయు చోటులలో ఇట్టివి తరచు దొరకును.

ఏ ఫ్రేము ఏ కంటికి చెందుననునది తరువాతి ప్రశ్న. పాత్ర తెర నడుమ నిలిచి, దాని వెనుక నేపథ్యము కుడి నుండి ఎడమకు జరుగుచున్నచో, ముందు వచ్చిన ఫ్రేమును కుడి కంటికిని, తరువాత వచ్చినదానిని ఎడమ కంటికిని ఈయవలెను. పాత్రయు నేలయు ఇండ్లును అన్నియు తెరపై ఎడమకు జరుగుచు, దగ్గరివి వేగముగను దూరపువి మెల్లగను పోవుచున్నచో దీనికి విపర్యయము: ముందు వచ్చినది ఎడమ కంటికి, తరువాతిది కుడి కంటికి. తారుమారైనచో కొండ ముందుకు పొడుచుకొని వచ్చి, పాత్ర దాని వెనుక గోతిలో నిలిచినట్లు కనబడును; అప్పుడు రెండు బొమ్మలను ఇటుదటు, అటుదిటు మార్చిన సరిపోవును. మొదట చెప్పిన విధపు దృశ్యమున పాత్రకు ఇవతల ఏ పొదయో స్తంభమో వేగముగ దాటిపోవుచున్నచో, అది లోతులో కొండకంటెను వెనుకకు పోయి అసంగతముగ నుండును గనుక, అట్టి దృశ్యమును విడిచిపెట్టుటయే మేలు.

ఫ్రేములను తీయకయే ఈ ఫలితమును చూచు ఉపాయమొకటి కలదు. జర్మనీలో యేనా నగరమునందలి జైస్ సంస్థలో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1922లో దీనిని వివరించి ప్రకటించెను. వెలుతురు తక్కువగ అందిన కన్ను తాను చూచినదానిని మెదడునకు కొంచెము ఆలస్యముగ తెలుపును. కావున నల్ల కళ్లద్దముల రెండు అద్దములలో ఒక దానిని మాత్రము ఒక కంటికి అడ్డముగ పెట్టుకొని, రెండవ కంటిని యథాప్రకారము తెరచి కార్టూనును చూచినచో, నల్లద్దము వెనుకనున్న కన్ను సదా ముందు వచ్చిన ఫ్రేమునే చూచుచున్నదాని క్రిందకు వచ్చును. మనము చేతితో చేసిన పనిని వెలుతురే మనకు చేసి పెట్టును. నేపథ్యము ఎడమకు జరుగునప్పుడు నల్లద్దము కుడి కంటికి ఉండవలెను. తెరలోని ఊరు ఒక్కసారిగ వెనుకకు తగ్గి భీముని చుట్టును చోటు ఏర్పడుట చూచిన పిల్లల ఆనందము వర్ణింపదగినది. ఈ వింతకు తన పేరు నిలిపిపోయిన పుల్‌ఫ్రిష్‌కు ఒక కంట చూపు లేదు. తాను వివరించినదానిని తాను కన్నులార చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు.

కెమెరా కదలని దృశ్యము నుండియు, ఒకే ఒక ఫ్రేము నుండియు సైతము జంటబొమ్మను చేయవచ్చును. కాని అక్కడ లోతును మనమే కల్పింపవలసి యుండును. ఫ్రేమునకు కొన్ని ప్రతులు తీయించి, ఒకదానిలోనుండి పాత్రను అంచువెంబడి కత్తిరించి, ఎడమ కంటి బొమ్మలో దానిని ఒక మిల్లీమీటరు కుడివైపునకును, కుడి కంటి బొమ్మలో ఒక మిల్లీమీటరు ఎడమవైపునకును జరిపి అంటించినచో పాత్ర ముందుకు వచ్చును. దగ్గరికి రావలసిన పొరను ఎక్కువగ జరుపవలెను. జరిపినప్పుడు బయటపడెడి పాత అంచును రంగు పెన్సిలుతో పూడ్చుట మరువరాదు. 1953లో అమెరికాలో మైటీ మౌస్ అను ఎలుక వీరుని కథలతో వెలువడి, అమితముగ అమ్ముడుపోయిన త్రీడీ కామిక్ పుస్తకమును, జో క్యూబర్ట్, నార్మన్ మౌరర్ అను చిత్రకారులు పారదర్శకమైన రేకులపై పొరలను వేరువేరుగ గీసి, ఇట్లే జరిపి తయారు చేసిరి. దానిని రెండు రంగుల కళ్లద్దములతో చూడవలెను. అంతకు రెండేండ్ల ముందే, 1951లో, లండనులో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ ఉత్సవమునకై కెనడా చిత్రకారుడు నార్మన్ మెక్‌లారెన్ త్రీడీ యానిమేషను చిత్రములను నిర్మించెను. రంగు కళ్లద్దముల పద్ధతి నలుపు తెలుపు గీతలకు చక్కగ నొప్పును గాని, కార్టూనుల సహజమైన రంగులను చెరచును. కావున నేను పిల్లలకు దానిని నేర్పుట లేదు.

ఈ కత్తిరింపు పనికి కార్టూనే కావలెనని లేదు. కడప జిల్లా పొట్టిపాడున జన్మించిన బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి 1947 జూలైలో ఆరంభించిన ‘చందమామ’ పత్రికలోని బొమ్మలలో, ముందు వృక్షము, నడుమ రాజు, వెనుక కోట అన్నట్లు అంతరములు స్పష్టముగ తీర్చబడి యుండుటచే అవి ఇందులకు ఎంతయు అనుకూలములు. ఇండ్లలో మిగిలిన పాత సంచికలను మాత్రము దయచేసి కత్తిరింపవలదు, జిరాక్సు తీయించుకొనుడు. స్వయముగ గీయగల పిల్లలకు నేను సూచించు విషయము, బేతంచెర్ల సమీపమున, 1884 ప్రాంతమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు త్రవ్వకములు జరిపిన బిల్లసర్గము గుహలు. ఇవతల ఎండ పడిన రాతి అంచు, నడుమ ఒక మనిషి, లోపల చీకటి: మూడే పొరలు. ఇంత తక్కువ శ్రమతో ఇంత లోతునిచ్చెడి దృశ్యము వేరొకటి మా ప్రాంతమున లేదు.

చేసిన బొమ్మను చూచుట కూడ నేర్వవలసిన పనియే. ఒక్కొక్క బొమ్మ వెడల్పు 6 సెంటీమీటర్లకు మించకుండ, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, ఎడమ కంటిది ఎడమను, కుడి కంటిది కుడిని ఉండునట్లు కూర్చవలెను. ఫోటో స్టూడియోలో వేయు నాలుగంగుళముల ఆరంగుళముల ప్రింటుపై ఈ రెండును చక్కగ సరిపోవును. దానిని చేత పట్టుకొని, పై అంచు మీదుగ దూరపు కొండను కొంతసేపు చూచి, ఆ చూపును మార్చకయే ప్రింటును మెల్లగ కన్నుల యెదుటికి తేవలెను. బొమ్మలు మొదట మసకగ నుండి, రెండు మూడగును. నడిమిదానిపై మనస్సు నిలిపి ఓపిక పట్టినచో అది క్రమముగ తేటపడి, లోతుతో నిలుచును. కుదరనివారు రెండు బొమ్మల నడుమ నొక అట్టను నిలిపి, దాని రెండవ అంచును ముక్కునకు ఆనించుకొన్నచో, ఏ కంటి బొమ్మ ఆ కంటికే కనబడును. పెద్దల చదువు కళ్లద్దములు పెట్టుకొన్నచో పని మరింత సులభము. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకములతో నిర్మించిన స్టీరియోస్కోపులోను, 1861లో ఆలివర్ వెండెల్ హోమ్స్ రూపొందించిన చేతి స్టీరియోస్కోపులోను, 1939లో వెలువడిన వ్యూ మాస్టరులోను కటకములు చేయు సహాయము ఇట్టిదియే.

ఇట్లు చూచినప్పుడు కనబడు లోతు నిజమైన ప్రపంచపు లోతు కాదు. భీముని చెంపలకు గుండ్రదనము రాదు. చెట్టునకు మందము రాదు. ప్రతి వస్తువును చదునుగనే యుండి, ఒకదాని వెనుక నొకటి ఎడమెడముగ నిలిచి, నడుమ గాలి ఆడుచున్నట్లు కనబడును. కొందరు దీనిని లోపమందురు. 1984లో మలయాళమున వెలువడి మన దేశపు తొలి త్రీడీ చిత్రమైన ‘మై డియర్ కుట్టిచ్చాత్తన్’ను గాని, 2015లో వచ్చిన మన ‘రుద్రమదేవి’ని గాని థియేటరులో చూచినవారికి ఇది వెలితిగ తోచుట సహజము. నేను దీనిని గుణముగనే ఎంచుచున్నాను. ఆ చిత్రములు ప్రేక్షకుని మరపించుటకు నిర్మింపబడినవి. ఈ జంటబొమ్మ, కార్టూను ఎట్లు కట్టబడినదో, ఏ పొర ఎచట ముగిసి ఏది ఎచట మొదలైనదో, చిత్రకారుడు ఎచట శ్రద్ధ వహించి ఎచట తొందరపడినాడో విప్పి చూపును. దీనిని ఒకమారు చూచిన పిల్లలు అటుపిమ్మట కార్టూనును ఊరక చూచి ఊరుకొనరు. ఏ పొర ఎంత వేగముగ పోవుచున్నదో గమనింప మొదలిడుదురు, కాగితము తెచ్చుకొని తామే గీయుదురు.

కడపట ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును ఒక విన్నపము. ఈ బొమ్మలు మొదటి ప్రయత్నముననే అందరికిని కుదరవు; అది అభ్యాసలోపమే గాని రోగము కాదు. అయితే అట్ట అడ్డముంచి, చదువు కళ్లద్దములిచ్చి, ఓపికతో పలుమారులు చూపినను, ఒక బిడ్డకు ఎప్పుడును ఒకే ప్రక్క బొమ్మ కనబడుచు రెండవది మాయమగుచున్నచో, ఆ బిడ్డకు ఒక కన్ను మందగించి యుండవచ్చును. రెండవ కన్ను బాగుగ నున్నందున పిల్లలు దానిని తమంతట తాము చెప్పలేరు. చెప్పవలెనని వారికి తెలియదు. నేత్రవైద్యులు సైతము ఇట్టి జంటబొమ్మలతోనే, ఈగ రెక్కలు పైకి లేచినట్లు కనబడు పరీక్షతో, ఈ లోపమును కనిపెట్టుదురు. తగిన కళ్లద్దములిచ్చి, బాగున్న కంటిని కొంతకాలము మూసియుంచి చేయు చికిత్స చిన్ననాట ఫలించినట్లు పెద్దతనమున ఫలింపదు. కావున మీ బడిలో ఈ బొమ్మలు చేయించినప్పుడు, లోతు కనబడలేదని చెప్పిన బిడ్డను ఆటపట్టింపక, ఆ బిడ్డ పేరు వ్రాసికొని, ఆలస్యము చేయక కంటి వైద్యునికి చూపించుడు.